సూర్యుడి వెలుగు, సూర్యుడి హోరు

అందరికీ నమస్కారం.

1942 ఫిబ్రవరి చివర్లో బ్రిటిష్ సైన్యం రాడార్లు ఉన్నట్టుండి మొరాయించాయి. తెర నిండా గోల. ఇది జర్మనీ పనే అని టెన్షన్ పడ్డారు. ఆ నెలలోనే జర్మన్ యుద్ధనౌకలు రాడార్లను జామ్ చేసి ఇంగ్లిష్ చానల్ దాటిపోయాయి మరి. సంగతి తేల్చే పని జేమ్స్ స్టాన్లీ హే అనే భౌతికశాస్త్రవేత్త మీద పడింది. గోల వస్తున్న దిక్కు సూర్యుడితో పాటే జరుగుతోందని ఆయన గమనించాడు. ఆరా తీస్తే, ఆ రోజుల్లో సూర్యబింబం నడిమధ్యన పెద్ద మచ్చ ఉంది. దొంగ దొరికాడు గానీ, ఉన్నది 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో! యుద్ధం అయిపోయాక, 1946లో గానీ ఇది పత్రికకెక్కలేదు.

అలాంటి మచ్చల దగ్గర మెలిపడ్డ అయస్కాంత బలరేఖలు తెగి మళ్లీ అతుక్కున్నప్పుడు బయటపడే శక్తే సౌరజ్వాల. ఆ ఊపులో ఎలక్ట్రాన్లు రెండు వైపులా దూసుకుపోతాయి. కిందికి వెళ్లినవి దట్టమైన పొరను గుద్దుకుని ఎక్స్‌రేలు పుట్టిస్తాయి. పైకి వెళ్లినవి కరోనాలోని, అంటే సూర్యుడి బయటి వాతావరణంలోని, ప్లాస్మా అనే విద్యుదావేశమున్న వాయువును కుదిపేస్తాయి, అది రేడియో తరంగాలు వెదజల్లుతుంది. సూర్యుడి హోరు అంటే ఇదే.

నాకు బాగా నచ్చేది ఇక్కడే. ప్లాస్మా ఎంత చిక్కగా ఉంటే దాని పౌనఃపున్యం అంత ఎక్కువ. ఘన సెంటీమీటరులో 10 కోట్ల ఎలక్ట్రాన్లుంటే సుమారు 90 మెగాహెర్ట్జ్, అంటే ఎఫ్ఎం స్టేషన్ల దగ్గర. పైకి పోయేకొద్దీ ప్లాస్మా పలచబడుతుంది, పౌనఃపున్యమూ జారుతుంది. ఆ జారుడు సెకన్లలో ముగిస్తే దాని వెనక ఉన్నవి కాంతి వేగంలో మూడో వంతు దాకా అందుకునే ఎలక్ట్రాన్లు. నిమిషాల తరబడి సాగితే అది సెకనుకు వెయ్యి కిలోమీటర్ల లెక్కన కదిలే ఆఘాత తరంగం (షాక్ వేవ్). 1950లో ఆస్ట్రేలియాలో పాల్ వైల్డ్, మెక్‌క్రెడీ అనే శాస్త్రవేత్తలు మొదటిదానికి టైప్ 3 అనీ, రెండోదానికి టైప్ 2 అనీ పేర్లు పెట్టారు. పేర్లలో కవిత్వం లేదు, ఒప్పుకుంటాను.

మరి జ్వాల ఎంత పెద్దదైతే రేడియో హోరు అంత పెద్దదా? చాలామంది అలాగే అనుకుంటారు. కాదు. జ్వాలలకు వాటి ఎక్స్‌రేల బలాన్ని బట్టి స్థాయి ఇస్తారు: ఎక్స్ అన్నిటికన్నా పైది, ఎం దాని కిందిది, పక్కనున్న అంకె పెరిగితే బలమూ పెరిగినట్టు. 2003 అక్టోబరులో ఎక్స్17 జ్వాల వచ్చింది. 2006 డిసెంబరు 6న వచ్చింది ఎక్స్6 స్థాయిదే, అయినా జీపీఎస్ రిసీవర్లను తికమకపెట్టిన హోరు దానిదే. ఎక్స్‌రే స్థాయి చెప్పేది వేడెక్కిన వాయువు సంగతి. రేడియో హోరుకు ఎలక్ట్రాన్లు ఒకే లయలో ఊగితే చాలు. ఈ హాల్లో మీరంతా ఎవరికి తోచినట్టు వాళ్లు మాట్లాడితే ఒక తీరు, ఒకే తాళానికి చప్పట్లు కొడితే ఇంకో తీరు.

ముందే కనిపెట్టే వీలూ తక్కువే. హోరు కాంతితో పాటే వస్తుంది, ఎనిమిది నిమిషాల చిల్లరలో. జ్వాలను మనం చూసేసరికి అది కూడా ఇక్కడే ఉంటుంది.

2015 నవంబరు 4న స్వీడన్‌లో విమాన రాడార్ల తెరల మీద లేని విమానాల గుర్తులు కనిపించాయి. ఆ రోజు జ్వాల ఎం3 స్థాయిదే. సూర్యుడు దిగంతానికి దగ్గరగా వాలి ఉన్నాడు. దొంగ గుర్తులన్నీ ఆ దిక్కునే వరుస కట్టాయి, హేకి కనిపించినట్టే.