నానో ధర అందరికీ తెలుసు

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది ఇంజనీరింగ్ చదివినవాళ్లే, ఏదో ఒకటి సొంతంగా తయారుచేసి అమ్మాలన్న ఆలోచన ఉన్నవాళ్లే. అందుకే సూటిగా అడుగుతున్నా. మీ టీమ్‌లో మార్కెటింగ్ మనిషిని ఎప్పుడు పిలుస్తారు? సరుకు తయారై, డబ్బాలో పెట్టి సీలు వేశాక, "ఇక దీన్ని జనంలోకి తీసుకెళ్లు" అని చెప్పడానికేనా? చాలా చోట్ల జరిగేది అదే. నాకు బాధ ఎందుకంటే, దానివల్ల ఎక్కువగా నష్టపోయేది రాత్రింబవళ్లు కష్టపడి ఆ వస్తువును తయారుచేసినవాళ్లే.

టాటా నానో సంగతి చూడండి. స్కూటర్ మీద భార్యాభర్తలు, పిల్లలు వానలో తడుస్తూ వెళ్లడం చూసి రతన్ టాటాకు ఆ ఆలోచన వచ్చింది. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో కారును చూపించి, లక్ష రూపాయలన్న మాట మీదే నిలబడ్డారు. ఆ ధరకు కారు తేవడం మామూలు పని కాదు. వెనకవైపు రెండు సిలిండర్ల 624 సీసీ ఇంజిన్, ముందు ఒకటే వైపర్, చక్రానికి మూడే నట్లు, డిక్కీకి బయటినుంచి తెరిచే తలుపే లేదు. ఇంజనీర్లు, విడిభాగాలు సరఫరా చేసేవాళ్లు కలిసి ఒక్కో రూపాయీ తగ్గించుకుంటూ వచ్చారు. వాళ్ల పనిని తక్కువ చేసి మాట్లాడితే నేను ఒప్పుకోను.

2009లో బుకింగ్స్ తెరిస్తే రెండు లక్షలకు పైగా వచ్చాయి, మొదటి లక్ష కార్లు ఎవరికివ్వాలో లాటరీ తీయాల్సి వచ్చింది. అలాంటిది 2010 నవంబర్‌కు వచ్చేసరికి ఆ నెల అమ్మకాలు 509.

పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో భూమి గొడవవల్ల ఫ్యాక్టరీని గుజరాత్‌లోని సాణంద్‌కు మార్చారు, కార్లు ఆలస్యమయ్యాయి, కొన్ని కార్లకు మంటలు అంటుకున్నాయి, ఇవన్నీ నిజమే. కానీ నా దృష్టిలో అసలు దెబ్బ వేరేచోట తగిలింది. మన ఊళ్లో ఒక ఇంటికి మొదటిసారి కారు వస్తే ఏం చేస్తారు? గుడికి తీసుకెళ్లి పూజ చేయిస్తారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు, వీధిలో స్వీట్లు పంచుతారు. వాన నుంచి రక్షణతో పాటు, నలుగురిలో మేమూ ఎదిగామన్న సంతోషాన్ని కూడా ఆ కుటుంబం కొనుక్కుంటోంది. అలాంటి ఇంటి ముందు, ధరెంతో దేశం మొత్తానికీ ముందే తెలిసిపోయిన, "ప్రపంచంలోకెల్లా చవక కారు" అని పేరుపడిన బండిని నిలబెట్టమంటే మనసెలా ఒప్పుతుంది? ఇంచుమించు అదే డబ్బుకు సెకండ్ హ్యాండ్ మారుతి దొరికేది కూడా. చవక కారన్న ముద్ర పడేలా అమ్మడం తప్పని తర్వాత రతన్ టాటాయే అన్నారు.

ఈ సంగతి పోస్టర్లు వేసే రోజున తెలిస్తే లాభం లేదు. డిజైన్ దశలోనే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే, ధర కాస్త పెరిగినా డిక్కీ తలుపు ఉంచుదామా వద్దా అన్న చర్చే వేరేలా నడిచేది. తెరుచుకునే డిక్కీ 2015లో వచ్చింది, అప్పటికి జనం చూపు మళ్లిపోయింది.

మధ్యలో ఒక మంచి పని జరిగింది. 2010 డిసెంబర్‌లో వారంటీని నాలుగేళ్లకు పెంచారు, లోన్లు తేలిక చేశారు, అమ్మకాలు మళ్లీ వేలల్లోకి వచ్చాయి. ఇది ఒక్క మార్కెటింగ్ వాళ్ల గొప్ప అనుకోకండి. నాలుగేళ్లు అని రాసివ్వాలంటే బండి అంతకాలం నిలుస్తుందని ఇంజనీరు చెప్పాలి, రిపేర్ల ఖర్చుకు ఫైనాన్స్ వాళ్లు డబ్బు పక్కన పెట్టాలి, చిన్న ఊళ్లో కూడా స్పేర్లు ఉండేలా సర్వీస్ వాళ్లు చూడాలి. కొనేవాడి భయమేమిటో వీళ్లందరికీ చేరవేయాల్సిన మనిషి మార్కెటింగ్‌లో ఉంటాడు. అయినా పడిన ముద్ర పోలేదు. ఏడాదికి రెండున్నర లక్షల నానోలు తీయాలని కట్టిన ఫ్యాక్టరీలో 2018 జూన్ నెలంతా కలిపి తయారైంది ఒక్క కారు.

ఇప్పుడు చిక్ షాంపూ చూడండి. తమిళనాడులోని కడలూరులో సి.కె. రంగనాథన్ 1983లో 15 వేల రూపాయలతో మొదలుపెట్టారు. షాంపూ ఎరుగని ఊళ్లకు మనుషుల్ని పంపి, అందరి ముందూ ఒక కుర్రాడికి తలంటి, ఆ జుట్టును ముట్టుకుని చూడమన్నారు. ఖాళీ ప్యాకెట్లు తెచ్చినవాళ్లకు కొత్తది ఉచితంగా ఇచ్చారు. తర్వాత ప్యాకెట్‌ను అర్ధరూపాయికి దించారు, ప్యాకింగ్, రవాణా, దుకాణదారుడి లాభం అన్నీ ఆ అర్ధరూపాయిలోనే ఇమడాలి. నానోలాగే ఇక్కడా చవక ధరే ఆయుధం. కానీ చిక్ వాళ్లు జనానికి చూపించింది మెత్తటి జుట్టు, నానో విషయంలో జనానికి కనిపించింది ధర.

మీ తర్వాతి డిజైన్ మీటింగ్‌కు, ధర ఇంకా తేలకముందే, రోజూ కొనేవాళ్ల మధ్య తిరిగే సేల్స్ మనిషిని ఒకరిని పిలవండి, మొదట అతన్నే మాట్లాడనివ్వండి. ఆ మాటలు మీ ఇంజనీర్లకు నచ్చకపోవచ్చు, అయినా పూర్తిగా వినండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.