జ్వరం తగ్గింది, మనసు కుదుటపడలేదు

అందరికీ నమస్కారం.

"జ్వరం పోయింది, పరీక్షలన్నీ బాగున్నాయి, ఇంకా ఆ దిగులేమిటి? మనసు గట్టి చేసుకో." వైరల్ ఇన్‌ఫెక్షన్ నుంచి లేచినవాళ్లకు ఇంట్లోవాళ్లు ప్రేమగానే చెప్పే మాట ఇది. మా వైద్యులూ చెబుతాం, అంత ప్రేమగా కాకపోయినా. ఆ దిగులుకు కారణం చాలాసార్లు ఒంట్లోనే ఉంటుందని చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

జ్వరంలో తిండి సయించదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, ముసుగు పెట్టి పడుకోవాలనిపిస్తుంది. ఇదంతా వైరస్ నేరుగా చేసే పని కాదు. దానితో పోరాడే రోగనిరోధక కణాలు సైటోకైన్లనే రసాయనాలను వదులుతాయి. ఆ కబురు రక్తం ద్వారా, గుండె, పేగుల నుంచి మెదడుకు వెళ్లే వేగస్ అనే నరం ద్వారా మెదడుకు చేరుతుంది. శక్తిని పోరాటానికి మిగల్చడానికి మెదడే మనల్ని పడుకోబెడుతుంది. పోరాటం ముగిశాక కూడా కొందరిలో ఈ కబుర్లు ఆగవు. చిక్కంతా అక్కడే.

దీనికి బలమైన సాక్ష్యం ఒక మందు నుంచి దొరికింది. వైరస్ సోకినప్పుడు మన శరీరం ఇంటర్‌ఫెరాన్ అనే సైటోకైన్‌ను తయారు చేసుకుంటుంది. దాన్నే ఒకప్పుడు హెపటైటిస్-సి రోగులకు నెలల తరబడి ఇంజెక్షన్లుగా ఇచ్చేవారు. మొదటి కొద్ది వారాల్లోనే అలసట, ఆకలి మందగించడం కనిపించేవి. ఆ తర్వాత దిగులు, చిరాకు, దేనిమీదా మనసు నిలవకపోవడం. సుమారు నలుగురిలో ఒకరు డిప్రెషన్‌లోకి జారారు. అంతకు ముందు ఏ మానసిక సమస్యా ఎరగనివాళ్లూ వారిలో ఉన్నారు. వైరస్ వారి ఒంట్లో ముందునుంచీ ఉన్నదే. కొత్తగా చేరింది ఆ ఇంజెక్షనే.

లోపల జరిగేదేమిటంటే, మనసు స్థితిని ప్రభావితం చేసే మెదడు రసాయనం సెరటోనిన్. దానికి ముడిసరుకైన ట్రిప్టోఫాన్‌ను, సైటోకైన్లు రేపే వాపు ప్రక్రియ వేరే దారి పట్టిస్తుంది. ఆ దారిలో క్వినోలినిక్ ఆమ్లం తయారై నాడీకణాలను అతిగా రెచ్చగొడుతుంది. సెరటోనిన్ తగ్గడమే కారణమని సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. ఈ రెండో దెబ్బనూ లెక్కలోకి తీసుకోవాలి.

ఇక మెదడుకు బయట మొదలయ్యే కారణాలూ ఉన్నాయి. ఇన్‌ఫెక్షన్ నుంచి లేచిన ఒక రోగినే తీసుకోండి. పడుకున్నప్పుడు నాడి నిమిషానికి 72. లేచి నిలబడితే పది నిమిషాల్లో 110 దాటుతుంది. రక్తపోటు మాత్రం పడిపోదు. గుండెదడ, చేతుల వణుకు, కళ్లు తిరగడం. చూసినవాళ్లు భయమంటారు, రోగి కూడా అదే నమ్ముతాడు. నిజానికి ఇది గుండె వేగం, రక్తపోటు లాంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపే స్వయంచాలిత నాడీవ్యవస్థ గాడి తప్పడం. పెద్దవాళ్లలో నిలబడగానే నాడి ముందున్నదానికంటే నిమిషానికి 30కి మించి పెరిగి, అలాగే ఉండిపోతుంటే అనుమానించాలి. తొలి పరీక్షకు మణికట్టు మీద రెండు వేళ్లు, ఒక గడియారం చాలు. అయినా ఎంత అరుదుగా చేస్తామో! వైరల్ జ్వరం తర్వాత థైరాయిడ్ గ్రంథి వాచినా ముందు ఆందోళన, తర్వాత మందకొడితనం రావచ్చు. దాన్ని రక్తపరీక్ష పట్టిస్తుంది.

అరుదైనా మరిచిపోకూడనిది మరొకటి. హెర్పిస్ వైరస్ వల్ల మెదడువాపు వచ్చి తగ్గిన కొన్ని వారాలకు, కొందరిలో సొంత యాంటీబాడీలే మెదడులో నాడీకణాలు కబుర్లు అందుకునే ఎన్‌ఎమ్‌డీఏ గ్రాహకాల మీద దాడి చేస్తాయి. లేనివి కనిపించడం, వినిపించడం, ప్రవర్తన హఠాత్తుగా మారిపోవడం, మూర్ఛలు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

"కారణం ఒంట్లోనే ఉంటే సైకియాట్రిస్టు ఎందుకు?" అని అడుగుతారు. మెలనోమా అనే క్యాన్సర్‌కు ఇంటర్‌ఫెరాన్ తీసుకుంటున్న 40 మందిపై జరిపిన అధ్యయనం 2001లో వెలువడింది. ముందే డిప్రెషన్ మందు మొదలుపెట్టినవారిలో 11 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 45 శాతం మందికి డిప్రెషన్ వచ్చింది. కారణం రోగనిరోధక వ్యవస్థదే, పనిచేసింది మాత్రం మానసిక వైద్యుల మందే. కాబట్టి నాడి చూడండి, థైరాయిడ్ చూడండి, అవసరమైతే మా దగ్గరికీ పంపండి.