పుట్టిన తేదీలో కలిపిన మూడేళ్ళు

శ్రోతలకు నమస్కారం.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరవాలంటే ముందు పుట్టిన తేదీ చెప్పాలి. 13 నిండలేదంటే ఖాతా ఇవ్వదు. ఈ సంగతి పిల్లలకు బాగా తెలుసు. అందుకే సంవత్సరాన్ని వేలితో ఒక్క తోపు తోసి మూడేళ్ళు వెనక్కి జరుపుతారు. ఒక్కోసారి పక్కన కూర్చున్న అమ్మే జరుపుతుంది!

ఈ 13 ఏ పిల్లల డాక్టరూ చెప్పిన అంకె కాదు. 13 లోపు పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించకూడదని 1998లో అమెరికా చట్టం చేసింది. ఆ తలనొప్పి మనకెందుకని కంపెనీలు అక్కడే గీత గీసుకున్నాయి.

సరే, మూడేళ్ళ సంగతి చూద్దాం. 2015లో పుట్టిన పాప, పదేళ్ళ వయసులో 2012 అని పెట్టింది. చిన్న అబద్ధమే. కానీ అది పాపతో పాటే పెరుగుతుంది.

18 లోపు వాళ్ళకు ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్ ఇస్తుంది. మన దేశంలో 2025 నుంచి ఉంది. ఖాతా ప్రైవేటుగా ఉంటుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు మెసేజ్ పెట్టలేరు. రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు మోగవు. 16 లోపు వాళ్ళు వీటిని సడలించాలంటే పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి.

ఇప్పుడు లెక్క వేయండి. పాపకు నిజంగా 13 వచ్చేసరికి యాప్ లెక్కలో 16. చాలా సెట్టింగులు తనే మార్చుకోవచ్చు, మిమ్మల్ని అడగక్కర్లేదు. నిజంగా 15 వచ్చేసరికి యాప్ లెక్కలో 18. పెద్దమనిషి! కాపలా మొత్తం ఎత్తేస్తారు, అదీ పదో తరగతి పిల్లకి. తాళం పగలగొట్టింది ఎవరూ కాదు, ఆ మూడేళ్ళే.

చట్టాలు వస్తున్నాయి. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 లోపు వాళ్ళకు ఇలాంటి సోషల్ మీడియా ఖాతాలు ఇవ్వకూడదు. తప్పితే జరిమానా కంపెనీకే, పిల్లలకు కాదు. మన 2023 డేటా రక్షణ చట్టం 18 లోపు వాళ్ళందరినీ పిల్లలనే అంటుంది. మంచిదే. అయితే చట్టం కోసం చూస్తూ కూర్చోకుండా, ఇంట్లో ఐదు నిమిషాల్లో అయ్యే పని ఒకటుంది.

పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని తన ఫోన్‌లో ఇన్‌స్టాగ్రామ్ తెరవండి. ప్రొఫైల్‌లో పైన మూడు గీతలు నొక్కితే అకౌంట్స్ సెంటర్ వస్తుంది. అందులో పర్సనల్ డీటెయిల్స్, అందులో పుట్టిన తేదీ. అసలు సంవత్సరం ఉందా లేదా చూడండి. లేకపోతే దిద్దండి. 13 నిండని పిల్ల అయితే, నిజం చెప్పగానే ఖాతా మూసేస్తారు. కాబట్టి కావలసిన ఫోటోలు ముందే ఫోన్‌లోకి దించుకోండి, లేకపోతే ఇంట్లో పెద్ద గొడవే.

ఇక్కడే చాలామంది ఒకటి మరిచిపోతారు. రెండో ఖాతా. కింద కుడి మూల ఉన్న ప్రొఫైల్ బొమ్మను నొక్కి పట్టుకోండి. ఆ ఫోన్‌లో ఇంకా ఏ ఖాతాలు తెరిచి ఉన్నాయో కనిపిస్తాయి. తేదీ అన్నిటిలోనూ చూడాలి.

తరవాత మీ ఫోన్‌లో, మీ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో ఫ్యామిలీ సెంటర్ తెరవండి. పిల్లల ఖాతాను పెద్దవాళ్ళు కనిపెట్టుకుని ఉండడానికి పెట్టిన చోటు అది. అక్కడి నుంచి పిల్లకు ఆహ్వానం పంపండి. తను ఒప్పుకుంటే, గడిచిన ఏడు రోజుల్లో ఎవరెవరికి మెసేజ్ పెట్టిందో మీకు కనిపిస్తుంది. ఏం రాసిందో కనిపించదు. అలా ఉండడమే నయం, లేకపోతే ఒప్పుకోదు.

ఇక సొంత ఫోన్ లేని పిల్లల మాట. నాన్న ఫోన్‌లో, నాన్న ఖాతాలో రీల్స్ చూసే తొమ్మిదేళ్ళ బాబు ఆ యాప్ దృష్టిలో నలభై ఏళ్ళ మనిషి. వాడికి ఏ కాపలా ఉండదు. ఫోన్ చేతికిచ్చే ముందు ఆ ఖాతా నుంచి లాగౌట్ అవ్వండి, పాస్‌వర్డ్ ఫోన్‌లో సేవ్ చేయకండి.