ప్లీహంలో కాపలా కణాలు: హాడ్జ్‌కిన్ లింఫోమాలో ఏం జరుగుతుంది?

[తెరపై: అడ్డంగా కోసిన ప్లీహం, ముదురు ఎరుపు మధ్య గసగసాలంత తెల్లని చుక్కలు]

నమస్కారం. ఎడమ పక్కటెముకల చాటున, పెద్దవారిలో సుమారు 150 గ్రాముల బరువుండే అవయవం ప్లీహం. అది ఉబ్బితే మన పెద్దలు 'కడుపులో బల్ల' అనేవారు. తెరపై కనిపిస్తున్న తెల్లని చుక్కలు రోగనిరోధక కణాల స్థావరాలు. సన్నని ధమని చుట్టూ ఒరలాగా టి కణాలు, వాటిని ఆనుకొని గుండ్రని గుంపులుగా బి కణాలు ఉంటాయి. ఆ గుంపుల అంచున ఉండే మరో రకం బి కణాల పొర, రక్తంలో కొట్టుకొచ్చిన బాక్టీరియాను మొదట ఎదుర్కొంటుంది. ఈ అంచు పొరను గుర్తుంచుకోండి, చివర్లో దానితో పని ఉంది.

లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్, 1832లో ఏడుగురు రోగుల లింఫ్ గ్రంథుల్లోనూ ప్లీహంలోనూ కనిపించిన మార్పులను, సూక్ష్మదర్శిని సాయం లేకుండా కంటితో చూసే వర్ణించారు.

[తెరపై: రెండు కేంద్రకాలతో గుడ్లగూబ ముఖంలా కనిపించే పెద్ద కణం]

ఆయన పేరుతోనే హాడ్జ్‌కిన్ లింఫోమా అని పిలిచే ఆ జబ్బు, లింఫ్ కణాల్లో పుట్టే క్యాన్సర్. అందులో అసలు క్యాన్సర్ కణం ఇది, రీడ్-స్టెర్న్‌బర్గ్ కణం. విచిత్రమేమిటంటే, కణితిలో దీని వాటా చాలాసార్లు నూటికి ఒకటి మాత్రమే. మిగిలినవన్నీ టి కణాలు, మాక్రోఫేజ్‌లు, ఇసినోఫిల్స్, ప్లాస్మా కణాలు. అంటే ప్లీహంలో గడ్డగా కనిపించేది చాలావరకు మన రోగనిరోధక కణాల గుంపే. దొంగను చుట్టుముట్టిన కాపలావాళ్లు ఎందుకు పట్టుకోవడం లేదు? రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాల్లో తొమ్మిదో క్రోమోజోమ్‌లోని ఒక భాగానికి అదనపు నకళ్లు ఏర్పడటంతో, పిడి-ఎల్1 అనే ప్రోటీన్ కణం ఉపరితలం మీద దట్టంగా పేరుకుంటుంది. అది టి కణం మీది పిడి-1 అనే మరో ప్రోటీన్‌కు తగులుకోగానే ఆ టి కణం నీరుగారిపోతుంది. పక్కనున్న మాక్రోఫేజ్‌లు కూడా అదే ప్రోటీన్‌ను ప్రదర్శించి, తెలియకుండానే దొంగకు కొమ్ముకాస్తాయి. ఈ లంకెను అడ్డుకునే నివోలుమాబ్ అనే మందుకు, ఇతర చికిత్సల తర్వాత జబ్బు తిరగబెట్టినవారి కోసం, 2016లో అమెరికాలో అనుమతి లభించింది.

స్కానింగులు సరిగా లేని 1960, 70ల్లో, జబ్బు ఎంతవరకు పాకిందో తేల్చడానికే పొట్ట తెరిచి ప్లీహాన్ని తీసేసేవారు. అది దుడుకు పనే అయినా, ఉబ్బిన ప్లీహంలో ఒక్కోసారి జబ్బు ఉండదని, మామూలుగా కనిపించే ప్లీహంలో దాగి ఉండవచ్చని వైద్యులకు అలాగే అర్థమైంది. మూల్యం రోగులు చెల్లించారు. ఇందాక చెప్పిన అంచు పొర లేకపోవడంతో, చక్కెర పదార్థపు తొడుగు వేసుకొని తిరిగే న్యూమోకాకస్ వంటి బాక్టీరియా కొందరికి గంటల వ్యవధిలోనే ప్రాణాంతకమైంది.

నేడు ఆ నిర్ధారణ పనిని పెట్-సీటీ అనే స్కానింగు చేస్తోంది. వేరే కారణంతో ప్లీహం తీయవలసి వస్తే, వీలైనంతవరకు కనీసం రెండు వారాల ముందే టీకాలు వేస్తారు. ప్లీహం లేనివారికి ఎన్నేళ్ల తర్వాత జ్వరం వచ్చినా, తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.