మరణానికీ కడవరి దినానికీ మధ్య

సభాధ్యక్షులకు, సోదర సోదరీమణులకు వందనాలు.

క్రైస్తవులు మరణానంతర జీవితాన్ని నమ్ముతారన్నది అందరికీ తెలిసినదే. అయితే కన్నుమూసిన విశ్వాసి ఇప్పుడు ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నాడన్న ప్రశ్నకు సంఘాలన్నీ ఒకే జవాబు చెప్పవు. పక్క సిలువ మీద ఉన్న నేరస్థుడితో యేసు, నేడే నీవు నాతోకూడా పరదైసులో ఉంటావని అన్నట్లు లూకా సువార్త 23వ అధ్యాయంలో చదువుతాం. పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయమేమో మృతులను నిద్రిస్తున్నవారంటుంది; ప్రభువు దిగివచ్చినప్పుడు వారు లేస్తారని చెబుతుంది. మొదటి వాగ్దానం ఈనాటిది, రెండవది కడవరి దినానిది. వీటి నడుమ ఉన్న కాలం గురించే ఈ సాయంత్రం మాట్లాడదలిచాను. ఒకప్పుడు ఈ ప్రశ్న సాక్షాత్తు పోపునే వివాదంలోకి లాగింది.

1331 నవంబరు 1, సకల పునీతుల పండుగ నాడు, అప్పటి పోపుల నివాసమైన అవిన్యోన్ నగరంలో 22వ జాన్ పోపు ఒక ప్రసంగం చేశారు. పునీతుల ఆత్మలు ప్రస్తుతం క్రీస్తు మానవత్వపు నీడలో విశ్రాంతి పొందుతున్నాయనీ, దేవుణ్ణి ముఖాముఖిగా చూసే భాగ్యం వాటికి శరీర పునరుత్థానం, తుది తీర్పు జరిగిన తరువాతే కలుగుతుందనీ ఆయన చెప్పారు. హతసాక్షుల ఆత్మలు బలిపీఠం కింద ఉండి, ఇంకా కొంతకాలం విశ్రమించమన్న మాట విన్నాయని ప్రకటన గ్రంథం 6వ అధ్యాయంలో ఉన్న దర్శనం ఆయనకు ప్రధాన ఆధారం.

ఆ మాట విన్నవారు కలవరపడ్డారు. పునీతులు ఇప్పుడే దేవుని సముఖంలో ఉన్నారన్న నమ్మకంతోనే కదా విశ్వాసులు వారి ప్రార్థనా సహాయాన్ని కోరుకునేది! అవిన్యోన్‌లోనే ఈ అభిప్రాయాన్ని ఖండిస్తూ ప్రసంగించిన థామస్ వేలీస్ అనే ఆంగ్లేయ దొమినికన్ సన్యాసి చెరసాల పాలయ్యాడు. 1333 డిసెంబరులో ఫ్రాన్సు రాజు 6వ ఫిలిప్ సమావేశపరచిన పారిస్ వేదాంత పండితులు పోపు అభిప్రాయాన్ని సమర్థించలేదు. తాను చెప్పింది సంఘ సిద్ధాంతంగా కాదనీ, పరిశీలనకు పెట్టిన అభిప్రాయం మాత్రమేననీ అంటూ వచ్చిన జాన్ పోపు, 1334 డిసెంబరు 3న మరణశయ్య మీద కార్డినళ్ల ఎదుట దాన్ని వదులుకుని, మరునాడు కన్నుమూశారు. అంతటి అధికార స్థానంలో ఉన్న వృద్ధుడు చివరి ఘడియల్లో తన మాటను వెనక్కి తీసుకోవడాన్ని నేను ఓటమిగా చూడను. సత్యం తనకంటె పెద్దదని ఎరిగినవాడు చేసిన పని అది.

ఆయన తరువాత పోపైన 12వ బెనెడిక్ట్, 1336 జనవరి 29న వెలువరించిన శాసనంతో కతోలిక సంఘం వరకు చర్చ ముగిసింది. శుద్ధి పొందవలసినది ఏదీ మిగలని నీతిమంతుల ఆత్మలు మరణించిన వెంటనే, మిగిలినవారి ఆత్మలు ఉత్తరించు స్థలంలో శుద్ధి పొందిన మీదట, శరీరాలు తిరిగి పొందకముందే దేవుణ్ణి ముఖాముఖిగా చూస్తాయని అది నిర్ణయించింది. మారని ఘోర పాపంతో మరణించినవారి ఆత్మలు అప్పుడే నరకానికి పోతాయని కూడా అందులో ఉంది. అయినా తీర్పు దినాన మనుషులందరూ తమ శరీరాలతో క్రీస్తు న్యాయపీఠం ఎదుట నిలబడతారన్న వాక్యాన్ని ఆ శాసనం విడిచిపెట్టలేదు.

ఉత్తరించు స్థలాన్ని ప్రొటెస్టెంటు సంస్కర్తలు తిరస్కరించారు. కాని 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం సైతం, నీతిమంతుల ఆత్మలు పరలోకంలో దేవుని ముఖాన్ని చూస్తూ తమ శరీరాల విమోచన కోసం ఎదురుచూస్తాయని చెబుతుంది. ప్రాచ్య ఆర్థడాక్స్ సంఘాలు మృతుల కోసం ప్రార్థిస్తాయి గాని శుద్ధిచేసే అగ్ని ఉందన్న బోధను అంగీకరించవు. 1438లో ఫెరారా మహాసభలో ఆర్థడాక్స్ పక్షాన ఎఫెసు బిషప్పు మార్కు ఈ బోధకు వ్యతిరేకంగా గట్టిగా వాదించాడు. సెవెంత్ డే అడ్వెంటిస్టులైతే పౌలు చెప్పిన నిద్రను నిద్రగానే తీసుకుని, పునరుత్థానం వరకు మృతులకు స్పృహే ఉండదని నమ్ముతారు.

మన తెలుగు సంఘాల భూస్థాపన ఆరాధనల్లోనూ, ఆదరణ కూడికల్లోనూ వినిపించే ప్రసంగాలు చాలావరకు మొదటి వాగ్దానం దగ్గరే ఆగిపోతున్నాయని నా బాధ. మన ప్రియులు ప్రభువు సన్నిధికి చేరారన్న మాట దుఃఖంలో ఉన్న కుటుంబానికి నిజమైన ఆదరణే. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే దేహం వట్టి పెంకు, అది పోతే పోయిందన్నట్లు మాట్లాడినప్పుడు మనం అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో ప్రతి ఆదివారం పలికే శరీర పునరుత్థానాన్ని మరిచిపోతున్నాం. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో పౌలు విత్తబడే గింజను ఉదాహరణగా చూపి, క్షయమైనదిగా విత్తబడిన శరీరమే అక్షయమైనదిగా లేస్తుందని వాదించాడు; మృతుల పునరుత్థానం లేకపోతే క్రీస్తు కూడా లేపబడలేదనే చెప్పాలని తేల్చేశాడు. జాన్ పోపు అభిప్రాయం పొరపాటైనా ఆయన పట్టుకోజూసింది ఇదే: శరీరం లేని ఆత్మ సంపూర్ణ మానవుడు కాదు, కనుక ఆ సన్నిధిలో ఉన్నవారు కూడా ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు.