మత్తడి ఎత్తు ఎంత ఉండాలి?

(సాఫ్ట్‌వేర్ కమాండ్ల డిఫాల్ట్‌ల గురించి హనుమకొండలో ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మాది నర్సంపేట వైపు పల్లె. మా చెరువు పాకాల, రామప్ప లెక్క పెద్దదేం కాదు. అయినా దానికీ ఒక కట్ట, రెండు తూములు, ఒక మత్తడి (అలుగు) ఉన్నాయి. తూము తెరవాలంటే మనిషి కావాలి. నీరటి తాత పొద్దున్నే కట్ట మీదికి పోయి, ఏ మడికి ఎంత తడి కావాలో చూసుకుని తెరిచేవాడు, సాయంత్రం మూసేవాడు. మత్తడికి మనిషితో పని లేదు. అర్ధరాత్రి కుండపోత పడి ఊరంతా నిద్రలో ఉన్నా, నీళ్లు ఆ ఎత్తుకు రాగానే దుంకి వాగులో కలుస్తాయి. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, "తాతా, రాత్రి చెరువు నిండితే నువ్వు లేస్తవా?" అని. "నేనెందుకు లేస్త బిడ్డా, నీళ్లు యాడికి పోవాల్నో మత్తడికి ఎరుకే" అన్నాడు.

ఇవాళ నేను మాట్లాడేది వర్షన్ కంట్రోల్ కమాండ్ల గురించి, అంటే కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచిపెట్టే సాఫ్ట్‌వేర్‌కు మనం ఇచ్చే ఆదేశాల గురించి. మీరు ఇచ్చే ప్రతి ఆప్షన్ ఒక తూము లాంటిది, తెలిసి తెరుస్తారు. ఏ ఆప్షనూ ఇవ్వకుండా ఎంటర్ నొక్కితే జరిగేది మత్తడి. దాన్నే డిఫాల్ట్ అంటాం. ఆప్షన్ల గురించి తెలిసినవాడు ఇంకో అక్షరం కొట్టుకుంటాడు. తెలియనివాడికి ఆ అక్షరం ఉందనే తెలియదు. అందుకే డిఫాల్ట్‌ను ఎంచేటప్పుడు ముందుగా తెలియనివాడి గురించి ఆలోచించాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకం ఊరికే రాలేదు.

2013లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. గిట్ అనే వర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ నాకు కొత్త. నా ఫీచర్ బ్రాంచిని, అంటే నా పని కోసం విడిగా పెట్టుకున్న కోడ్ పాయను, రీబేస్ చేశాను, అంటే నా మార్పులను కొత్త పునాది మీద మళ్లీ పేర్చాను. కాబట్టి సర్వర్‌కు పంపే మామూలు పుష్ పోలేదు. పక్క సీటు అన్న "హైఫన్ ఎఫ్ పెట్టు తమ్మీ, పోతది" అన్నాడు. గిట్ పుష్ హైఫన్ ఎఫ్ కొట్టాను. ఎఫ్ అంటే ఫోర్స్, బలవంతంగా తోయమని. బ్రాంచి పేరు రాయలేదు. స్క్రీన్ మీద ప్లస్ గుర్తుతో ఒక లైను రావాలి, చివర "ఫోర్స్‌డ్ అప్‌డేట్" అని. రెండు లైన్లు వచ్చాయి. మొదటిది నా బ్రాంచి. రెండోది రిలీజ్ బ్రాంచి. నేను దాని జోలికే పోలేదు. నా లాప్‌టాప్‌లో ఉన్న రిలీజ్ కాపీ పన్నెండు రోజుల పాతది. సర్వర్‌లో ఉన్న కొత్త కాపీ మీద అది పోయి కూర్చుంది. ముగ్గురు చేసిన పన్నెండు రోజుల పని ఒక్క ఎంటర్‌తో బ్రాంచి నుంచి మాయమైంది. చివరిగా పుష్ చేసిన అక్క లాప్‌టాప్‌లో ఆ కమిట్లన్నీ, అంటే గిట్‌లో నమోదు చేసిన మార్పులన్నీ, భద్రంగా ఉన్నాయి, అక్కడి నుంచే మళ్లీ ఎక్కించాం. ఆమె ఆ రోజు సెలవులో ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఏం జరిగిందంటే, అప్పట్లో గిట్ పుష్‌కు డిఫాల్ట్ 'మ్యాచింగ్'. అంటే మీ దగ్గరా సర్వర్ దగ్గరా ఒకే పేరుతో ఉన్న బ్రాంచిలన్నిటినీ ఒకేసారి పంపడం. ఆ డిఫాల్ట్ పెట్టినవాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 2005లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గిట్ మొదలుపెట్టింది లినక్స్ కెర్నల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, పని కోసం. అక్కడ ఒక మెయింటెయినర్ నాలుగైదు బ్రాంచిలు సిద్ధం చేసుకుని, తన ఒక్కడికే చెందిన పబ్లిక్ రిపాజిటరీలోకి, అంటే కోడ్ దాచే చోటికి, అన్నీ కలిపి పంపుతాడు. అతనికి మ్యాచింగ్ చక్కగా సరిపోతుంది. మా ఆఫీసులో ఒకే సర్వర్‌లోకి పదిమంది తోస్తున్నాం. చెరువు మారింది, మత్తడి మాత్రం పాత ఎత్తులోనే ఉంది.

2014 మేలో వచ్చిన గిట్ 2.0 దాన్ని 'సింపుల్' చేసింది. ఇప్పుడు మీరు నిలబడ్డ బ్రాంచి ఒక్కటే పోతుంది, అదీ అవతల దానికి జతగా ఉన్న బ్రాంచి పేరు కూడా అదే అయితేనే. పేర్లు కలవకపోతే ఆగిపోయి, ఏం రాయాలో చెబుతుంది.

ఇది విని "అయితే డిఫాల్ట్ ఎప్పుడూ వీలైనంత తక్కువ పని చేయాలి" అనుకుంటారు. నేనూ చాలా రోజులు అలాగే అనుకున్నాను. కానీ అదే గిట్ 2.0లో ఇంకో మార్పు చూడండి. తర్వాతి కమిట్‌లోకి మార్పులను చేర్చే గిట్ యాడ్ హైఫన్ యు కమాండ్‌ను, ఏ ఫోల్డరో చెప్పకుండా కొడితే, అంతకుముందు మీరున్న ఫోల్డర్, దాని లోపలి ఫైళ్లు మాత్రమే చేరేవి. 2.0 నుంచి ప్రాజెక్టు మొత్తంలో మారిన ఫైళ్లన్నీ చేరుతున్నాయి. పుష్‌ను ఇరుకు చేసినవాళ్లే యాడ్‌ను వెడల్పు చేశారు. ఎందుకు? యాడ్‌లో ఒక ఫైలు ఎక్కువ చేరితే గిట్ స్టేటస్‌లో కనిపిస్తుంది, వెనక్కి తీసుకోవచ్చు, బయటివాళ్లకు తెలియను కూడా తెలియదు. ఒక ఫైలు తక్కువైతే? సగం మార్పుతో కమిట్ పోతుంది, మీ మిషన్ మీద బాగా నడుస్తుంది, పక్కవాడి దగ్గర బిల్డ్ పగులుతుంది. ఇక్కడ ఇరుకే ప్రమాదం. కాబట్టి చూడాల్సింది ఎంత పని చేస్తుందని కాదు. తప్పు జరిగితే ఎవరికి తగులుతుంది, వెనక్కి తెచ్చుకోగలమా అన్నది.

వెనక్కి తెచ్చుకునే విషయంలో గిట్ ఉదారంగానే ఉంటుంది. కమిట్ చేసిన పని బ్రాంచి నుంచి జారిపోయినా మీ మిషన్‌లోని రిఫ్లాగ్ అనే చిట్టాలో దొరుకుతుంది. డిఫాల్ట్‌గా ఆ చిట్టా 90 రోజులుంటుంది, బ్రాంచి నుంచి చేరుకోలేని కమిట్లకైతే 30. బ్రాంచిని తీసేయడానికి చిన్న డి వాడితే, కలపని పని ఉన్నప్పుడు ఒప్పుకోదు. పెద్ద డి కొట్టాలి. గిట్ క్లీన్ అయితే హైఫన్ ఎఫ్ లేనిదే ఒక్క ఫైలునూ ముట్టదు, ఎందుకంటే అది తుడిచే ఫైళ్లు గిట్‌కు ఎన్నడూ ఇవ్వనివి, మళ్లీ ఎక్కడా దొరకవు.

కానీ గిట్ చెకౌట్ దగ్గర నాకు బాధ ఉంది. అదే కమాండ్‌కు బ్రాంచి పేరిస్తే బ్రాంచి మారుతుంది, ఫైలు పేరిస్తే ఆ ఫైలులో ఇంకా యాడ్ చేయని మార్పులన్నీ చెప్పకుండా తుడిచేస్తుంది. 2019లో వచ్చిన 2.23లో ఈ రెండు పనులనూ స్విచ్, రిస్టోర్ అని విడదీశారు, చాలా మంచి పని. అయినా రిస్టోర్ కూడా అడగకుండానే తుడుస్తుంది. సాయంత్రం దాకా రాసి కమిట్ చేయని కోడ్‌కు ఏ రిఫ్లాగూ లేదు. క్లీన్‌కు ఇచ్చిన జాగ్రత్త దీనికీ ఇచ్చి ఉండాల్సింది.

ఇంకో మాట. నిర్ధారణ అడిగితే సరిపోతుంది కదా, "నిజంగా చేయమంటారా" అని? సరిపోదు. రోజుకు ఇరవైసార్లు అడిగితే వేలు దానంతటదే వై మీదికి పోతుంది. స్క్రిప్టులో నడిచే కమాండ్‌కు జవాబు చెప్పే మనిషే ఉండడు. ప్రశ్న అరుదుగా, నిజంగా రెండు దారులు ఉన్నచోటే రావాలి. సర్వర్‌లోని కొత్త పనిని తెచ్చి మీ పనితో కలిపే గిట్ పుల్ అలాంటి చోటు. మీరూ మీ స్నేహితుడూ విడివిడిగా కమిట్లు చేసినప్పుడు వాటిని మెర్జ్ చేసి రెండు పాయలనూ కలపాలా, రీబేస్ చేసి మీవాటిని అవతలివాటి మీద పేర్చాలా? రెండు పద్ధతులకూ మంచి కారణాలున్నాయి, మీ టీమ్ అలవాటేదో గిట్‌కు తెలియదు. ఏళ్లపాటు అది మారుమాట్లాడకుండా మెర్జ్ చేసింది. 2020లో 2.27 పొడవాటి హెచ్చరిక ఇవ్వడం మొదలుపెట్టింది. 2021 చివర్లో వచ్చిన వర్షన్ల నుంచి, చరిత్ర రెండుగా చీలి ఉంటే, ఏది కావాలో చెప్పమని ఆగిపోతోంది. దీని మీద చాలామంది విసుక్కున్నారు. నాకైతే ఇదే సరైన పని అనిపిస్తుంది. ఒక్కసారి కాన్ఫిగ్‌లో రాసుకుంటే మళ్లీ అడగదు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్నది గిట్ కంటే ముందు నుంచీ ఉన్న సీవీఎస్ అనే పాత వర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్. దాని అప్‌డేట్ కమాండ్ డిఫాల్ట్‌గా కొత్త ఫోల్డర్లను తెచ్చేది కాదు, హైఫన్ డి పెట్టాల్సిందే. తెలిసినవాళ్లు తమ సెట్టింగుల ఫైలులో ఆ డి రాసుకునేవారు. తెలియనివాళ్లు ఫైలు ఎందుకు రాలేదా అని తల పట్టుకునేవారు. అనుభవం ఉన్నవాళ్లంతా ఒక డిఫాల్ట్‌ను ఒకే వైపు తిప్పుకుంటున్నారంటే అది తప్పు ఎత్తులో కట్టిన మత్తడి.

మరి వెంటనే మార్చేయొచ్చు కదా? మా ఊళ్లో మత్తడిని ఒక జానెడు పెంచాలని ఒక ఏడు మాట వచ్చింది. పెంచితే శిఖం వైపు పొలాలు మునుగుతాయని ఆ రైతులు, పెంచకపోతే ఆయకట్టు చివరి మడులకు నీళ్లందవని ఈ రైతులు. రెండు పక్కలా ఉన్నది నిజమే. పాత ఎత్తును నమ్మి జనం నాట్లు వేసుకున్నారు. డిఫాల్ట్ కూడా అంతే, దాన్ని నమ్మి ఎక్కడెక్కడో స్క్రిప్టులు నడుస్తుంటాయి. గిట్ పుష్ డిఫాల్ట్ మార్చే ముందు చాలా కాలం, సెట్టింగు పెట్టుకోని ప్రతివాడికీ, "2.0లో ఇది మారబోతోంది, పాతది కావాలంటే ఇది రాసుకో, కొత్తది కావాలంటే ఇది" అని స్క్రీన్ మీద చెప్పారు. మేజర్ వర్షన్ వచ్చేదాకా ఆగారు. ఆ ఓపిక నాకు చాలా నచ్చింది.

ఇంకా సరిదిద్దాల్సినవి ఉన్నాయి. ఫోర్స్‌తో పాటు 2013 నుంచి ఫోర్స్ విత్ లీజ్ అనే ఆప్షన్ ఉంది. నేను చివరిసారి చూసినప్పుడు ఉన్నచోటే సర్వర్ బ్రాంచి ఉంటేనే అది తోస్తుంది, మధ్యలో ఇంకొకరు పని పెట్టి ఉంటే ఆగుతుంది. కానీ ప్రమాదమైనదానికి ఒక్క అక్షరం, భద్రమైనదానికి అంత పొడవు పేరు. పొద్దుపోయాక అలసిన మనిషి ఏది కొడతాడు?

ఇప్పుడు లాప్‌టాప్‌లు తెరవండి. ముందు బెంచీల వాళ్లు ఒక ఖాళీ రిపాజిటరీ చేసి, పుష్ డాట్ డిఫాల్ట్ సెట్టింగును మ్యాచింగ్‌కు మార్చి, ముందు రెండు బ్రాంచిలనూ పంపి, తర్వాత రెండిటినీ మీ దగ్గర ఒక కమిట్ వెనక్కి జరిపి, నేను 2013లో కొట్టిన కమాండే కొట్టండి. ప్లస్ గుర్తు లైన్లు ఎన్ని వస్తాయో లెక్కపెట్టండి. వెనక బెంచీల వాళ్లు అదే పని సింపుల్‌లో చేయండి. పది నిమిషాల్లో నేను మీ మధ్యకు వస్తాను.