పలకని అక్షరానికి ఒక పాట

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లిష్ చదవడం నేర్చుకునే మన పిల్లలు ఒకచోట తప్పకుండా ఆగిపోతారు. టి, యు, బి, టబ్. బాగానే ఉంది. చివర ‘ఈ’ చేరిస్తే ట్యూబ్. మరి ఆ ‘ఈ’ పలకదేం? తెలుగులో రాసిందే చదువుతాం కాబట్టి మనకీ చిక్కు అనుకుంటాం. ఇంగ్లిష్ ఇంట్లో మాట్లాడే పిల్లలకూ ఇదే తలనొప్పి.

వాళ్ల కోసమే 1971 అక్టోబర్ 25న అమెరికాలోని పీబీఎస్ అనే టీవీ చానల్లో ‘ది ఎలక్ట్రిక్ కంపెనీ’ అనే పిల్లల కార్యక్రమం మొదలైంది. అంతకు రెండేళ్ల ముందు ‘సెసమీ స్ట్రీట్’ అనే కార్యక్రమం తెచ్చిన సంస్థే దీన్నీ తీసింది. అది ఇంకా బడి ఈడు రాని చిన్నారులకు. ఇది ఏడు నుంచి పదేళ్ల వాళ్లకు, ముఖ్యంగా తరగతులు దాటుతున్నా చదువు పట్టుబడని వాళ్లకు. ఆ వయసులో ‘నీకు చదవడం రాదు’ అనిపించుకోవడం ఎంత నామోషీ! అందుకే పాఠమన్న వాసన రాకుండా అంతా నవ్వులు, పాటలు.

నాకు బాగా నచ్చింది నీడల ఆట. తెరమీద ఎదురెదురుగా రెండు ముఖాల నీడలు. ఒకరి నోట్లోంచి ‘చ్’ బయటికొస్తుంది, రెండోవారి నోట్లోంచి ‘ఇప్’. రెండూ కలిసి ‘చిప్’. పలకమీద మనం దిద్దిన గుణింతం ఇదే కదండీ! కాకపోతే మనం దాన్ని ఏడుస్తూ దిద్దాం.

పలకని ‘ఈ’ మీద పాట కట్టింది టామ్ లేరర్, లెక్కల పాఠాలు చెప్పే మనిషి. టబ్బును ట్యూబు చేసేదెవరు అన్నదే అందులో పొడుపుకథ. అప్పటికే ఆస్కార్ అందుకున్న నటి రీటా మొరెనో ఈ కార్యక్రమంలో గొంతు చించుకుని అరిచేది. అప్పటికింకా పెద్దగా పేరు రాని నటుడు మోర్గాన్ ఫ్రీమన్ ‘ఈజీ రీడర్’ వేషం కట్టాడు. అచ్చులో ఏది కనిపించినా చదవందే వదలడు. పకోడీలు తినేసి పొట్లం కాగితం విప్పి చదివేవాళ్లు మన ఊళ్లలోనూ ఉండేవారు, ఆ బాపతు.

1977 దాకా మొత్తం 780 భాగాలు తీశారు. మధ్యలో, 1974లో, స్పైడర్‌మ్యాన్ కూడా వచ్చాడు. ఈ స్పైడర్‌మ్యాన్ నోరు విప్పడు. అతని మాటలు తల పక్కన బుడగలో అచ్చై కనిపిస్తాయి. ఏమన్నాడో తెలియాలంటే పిల్లలు చదువుకోవాల్సిందే.

ఆ ఒక్క వేషం మాత్రం మా రేడియోలో కుదరదు లెండి.